పగటి ఎండ, రాత్రి ఏడింటి కరెంటు

(నంద్యాలలో ఒక గ్రంథాలయ సభలో, ట్రాన్స్‌మిషన్ విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

పెద్దలకు, పిల్లలకు, వెనక నిలబడ్డవాళ్లకు, అందరికీ నమస్కారం. అన్నా, ఇక్కడ ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. కాసేపు పడుతుంది.

కర్బన ఉద్గారాలు తగ్గించడానికి మన దేశం ఏం చేస్తోందో చెప్పమన్నారు నిర్వాహకులు. ఇది పారిస్ నుంచి మొదలుపెట్టొచ్చు, ఢిల్లీ నుంచి మొదలుపెట్టొచ్చు. నేను గని నుంచి మొదలుపెడతాను. గని, శకునాల ఊళ్ల దగ్గర ఉన్న సోలార్ పార్కు మీలో చాలామంది చూసే ఉంటారు. వెయ్యి మెగావాట్లు. దాదాపు ఆరు వేల ఎకరాలు. 2017లో పూర్తయింది. ఒకేచోట అంత పెద్ద సోలార్ పార్కు ఆనాటికి ప్రపంచంలోనే అరుదు. అది మన పక్కనే వచ్చిందని నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

సరే, వెయ్యి మెగావాట్లంటే ఏమిటి? డిగ్రీ పిల్లలున్నారు కదా, లెక్క కట్టండి. వెయ్యి మెగావాట్లు ఏడాదంతా, రాత్రీ పగలూ ఆగకుండా నడిస్తే ఎన్ని యూనిట్లు? 876 కోట్ల యూనిట్లు. మరి సోలార్ పార్కు అంత ఇస్తుందా? ఇవ్వదు. రాత్రి ఎండ లేదు. పొద్దున, సాయంత్రం ఎండ పలచన. ముసురు పట్టిన రోజులుంటాయి. సోలార్ పలకల మీద దుమ్ము పడుతుంది. అన్నీ పోగా ఆ 876లో నాలుగో వంతు దాటడం కష్టం. బావి లోతు వేరు, తోడిన నీళ్లు వేరు. పేపర్లో మెగావాట్లు చూసినప్పుడల్లా ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఈరోజు నేను చెప్పేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు దేశం లెక్కకు వద్దాం. 2015లో పారిస్ వాతావరణ ఒప్పందానికి ముందు మనం ఒక మాట ఇచ్చాం. 2030 నాటికి మన కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో 40 శాతం బొగ్గు, గ్యాసు, డీజిల్ కానివాటి నుంచి ఉంటుందని. అది 2021లోనే దాటేశాం. 2022లో దాన్ని 50 శాతానికి పెంచాం. అది కూడా 2025 జూన్ నాటికే దాటింది. గడువుకు ఐదేళ్ల ముందు! ఆ నాటికి దేశంలో మొత్తం సామర్థ్యం సుమారు 4,85,000 మెగావాట్లు. అందులో సగానికి కాస్త పైన సోలారు, గాలి, జలవిద్యుత్తు, అణువిద్యుత్తు వగైరా. గ్లాస్గో వాతావరణ సభలో 2021లో చెప్పిన లెక్క ఇంకా పెద్దది. 2030కల్లా ఇలాంటి సామర్థ్యం ఐదు లక్షల మెగావాట్లు. 2070కల్లా నికర ఉద్గారాలు సున్నా, అంటే గాలిలోకి ఎంత వదిలితే అంత తిరిగి తీసేయడం.

ఇది చిన్న సంగతి కాదు. 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి సోలార్ కరెంటుకు కట్టిన రేటు యూనిట్‌కు దాదాపు 18 రూపాయలు. 2020 డిసెంబరులో గుజరాత్ టెండర్లో పలికిన ధర ఎంతో తెలుసా? ఒక రూపాయి 99 పైసలు. పదేళ్లలో! నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరైనా ఈ మాట అంటే నమ్మేవాణ్ని కాదు.

అయితే, రెండో లెక్క కూడా వినండి. సామర్థ్యంలో సగం దాటాం కదా, మరి ఈ ఫ్యాన్లు తిప్పుతున్న కరెంటులో సగం ఎండా గాలీ నీళ్లదేనా? కాదు. దేశంలో ఏడాది పొడవునా తయారయ్యే యూనిట్లలో నూటికి డెబ్బైకి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి. సామర్థ్యం సగం, యూనిట్లు పావు. ఈ రెండు లెక్కలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచినవాళ్లను నమ్మొద్దు. మొదటిది మాత్రమే చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తప్పు. రెండోది మాత్రమే చెప్పి ఇదంతా దండగ అనడం కూడా తప్పే.

ఇక్కడ ఒకరు అడగొచ్చు, అడగాలి కూడా. మనమెందుకు తగ్గించాలి? అమెరికాలో ఒక్కో మనిషి లెక్కన ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడు వదులుతున్నారు. మన దగ్గర మనిషికి రెండు టన్నులు. వాళ్లు చేసినదానికి మనం ఎందుకు తగ్గాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రపంచ సభల్లో మన ప్రతినిధులు ఈ మాట గట్టిగా అనాలి, అంటున్నారు కూడా. కానీ దేశం మొత్తంగా చూస్తే ఉద్గారాల్లో మనది మూడో స్థానం. పైగా మే నెలలో నంద్యాల ఎండ 45 డిగ్రీలు దాటుతుందని మీకు నేను చెప్పాలా? ఆ వేడికి ముందు పడిపోయేది ఉపాధి హామీ పనికి పోయిన మనిషే కదా. దోషం ఎవరిదైనా కాలేది మన ఒళ్లే. పైగా ఎండ మనదే, ఎవరి దగ్గరా కొనక్కర్లేదు. అందుకని ఇది ఎవరికో చేసే ఉపకారంగా నేను చూడను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కరెంటుకు ఒక స్వభావం ఉంది. వాడిన క్షణంలోనే తయారు కావాలి. లోడ్ డిస్పాచ్ సెంటర్ అని ఉంటుంది. ఎక్కడ ఎంత కరెంటు పుడుతోంది, ఎక్కడ ఎంత వాడుతున్నారు అని ఇరవై నాలుగు గంటలూ చూసే గది. గోడ మీద పెద్ద అంకె ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందన్న లెక్క. అది 50 దగ్గర ఉండాలి. 49.90 కిందికి పోకూడదు, 50.05 పైకి పోకూడదు. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే అంకె కిందికి జారుతుంది. 49.98, 49.95, 49.91... డ్యూటీలో ఉన్నవాడి కళ్లు దాని మీదనుంచి కదలవు. ఫోన్లు మోగుతాయి. ఏ జలాశయంలో జనరేటర్ స్టార్ట్ చేద్దాం, ఎక్కడ కరెంటు ఆపి లోడ్ తీద్దాం? ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుసు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం చీకటైపోయింది గుర్తుందా? అరవై కోట్ల మంది. అప్పటికి దక్షిణాది గ్రిడ్డు, అంటే మన కరెంటు లైన్ల వల, వాళ్లతో కలిసి నడవడం లేదు గనక మనం తప్పించుకున్నాం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో మనమూ కలిశాం. అప్పటినుంచి దేశమంతా ఒకటే గ్రిడ్డు. గనిలో పుట్టిన కరెంటు అంత దూరం పోగలుగుతుందంటే అందుకే. రాజస్థాన్‌లో మాత్రం పార్కులు వేగంగా వచ్చాయి, లైన్లు వెనకబడ్డాయి. తయారైన సోలార్ కరెంటును పంపే దారిలేక ఆపేయాల్సి వచ్చిన రోజులున్నాయి. పలకలు పెట్టడానికి ఏడాది చాలు, పెద్ద లైను వేయడానికి మూడు నాలుగేళ్లు. ఈ తేడాను ముందే చూసుకోవాలి.

ఇక ఎండాకాలం రోజు ఒకటి తీసుకోండి. 2024 మే 30న దేశంలో కరెంటు వాడకం రెండున్నర లక్షల మెగావాట్లు తాకింది. అంతకుముందెన్నడూ లేనంత. అది మధ్యాహ్నం పూట. మధ్యాహ్నం కాబట్టి సోలారు ఆదుకుంది. మరి సాయంత్రం? ఆరున్నరకు పొద్దుగుంకుతుంది. గని పార్కు వెయ్యి నుంచి సున్నాకు వస్తుంది. ఇక్కడ ఒక్కటే కాదు, రాజస్థాన్‌లో భడ్లా పార్కు, కర్ణాటకలో పావగడ పార్కు, దేశంలోని పలకలన్నీ గంటా రెండు గంటల్లో పడుకుంటాయి. సరిగ్గా అప్పుడే మనం ఇళ్లకొచ్చి లైట్లు, టీవీ, ఏసీ వేస్తాం. ఆ లోటును ఎవరు పూడ్చాలి? నీళ్లుంటే జలవిద్యుత్తు. లేకపోతే బొగ్గు.

బొగ్గు ప్లాంటును స్విచ్చి నొక్కి వేయడం, ఆపడం కుదరదు. బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు గంటలు పడుతుంది. అందుకే రాత్రికి కావాలంటే పగలు కూడా దాన్ని సగం మంట మీద నడుపుతూనే ఉండాలి. పూర్తి సామర్థ్యంలో 55 శాతం కంటే తగ్గించకుండా నడిపేవాళ్లం. ఇప్పుడు 40 శాతానికి దించమని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధన తెచ్చింది. అలా దించితే యంత్రాలకు అరుగుదల ఎక్కువ, బొగ్గు యూనిట్‌కు ఎక్కువ కాలుతుంది. అంటే పగలు ఎండ పుష్కలంగా ఉన్నా బొగ్గు ఎందుకు కాలుతోందంటే, సాయంత్రం కోసం.

పాల్వంచలో 2024 ఆగస్టులో పాత కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు, టీవీల్లో చూసే ఉంటారు. బొగ్గు కాలం అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్రాజెక్టులో కొత్త యూనిట్‌ను ప్రారంభించారు. అది మొత్తం నాలుగు వేల మెగావాట్ల ప్లాంటు. ఒకటి కూల్చి ఇంకొకటి ఎందుకు కట్టాల్సి వచ్చింది? రాత్రి ఏడింటికి వాడే కరెంటు కోసం. ఆ రాత్రి ఏడింటి సమస్య తీరనంతకాలం ఏ ప్రభుత్వమొచ్చినా బొగ్గు ప్లాంటు కడుతుంది. కరెంటు పోతే జనం ఊరుకోరు కదా.

మరి ఆ సమస్య ఎలా తీరుతుంది? ఒక దారి మీ పక్కనే ఉంది. పాణ్యం మండలం పిన్నాపురం. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు సోలార్ కరెంటు ఎక్కువైనప్పుడు కింది నీళ్లను పైకి ఎక్కిస్తారు. సాయంత్రం ఆ నీళ్లనే కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. 1,680 మెగావాట్లు. పైకి ఎక్కించడానికి నూరు యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేది డెబ్బై ఐదు, ఎనభై. మిగిలింది నష్టమే. కానీ మధ్యాహ్నం అక్కరలేని యూనిట్‌ను రాత్రి దొరకని యూనిట్‌గా మారుస్తోంది, ఆ నష్టం భరించదగినదే. ఇది మనకు కొత్తేమీ కాదు. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి, అవి రెండువైపులా తిరుగుతాయి. నాగార్జునసాగర్లో కూడా అలాంటివే. వెనకటి ఇంజనీర్లు బొగ్గు కరెంటు రాత్రి మిగులుతుంది, అప్పుడు నీళ్లు ఎక్కిద్దాం అని వాటిని పెట్టారు. ఇప్పుడు మిగిలేది పగలు. యంత్రం అదే, గడియారం తిరగబడింది.

ఇంకో దారి బ్యాటరీలు. వీటి ధర కళ్లముందే పడిపోతోంది. 2022లో ఒక టెండర్లో మెగావాట్‌కు నెలకు పది లక్షల పైచిలుకు అద్దె పలికింది. 2025 వచ్చేసరికి రెండున్నర లక్షల లోపుకు దిగింది. సబ్‌స్టేషన్ల పక్కన కంటైనర్లు వరసగా కనబడితే ఇవేమిటా అనుకోకండి, అవే.

ఈ రెండిటికంటే చవకైనది ఇంకొకటుంది. మోటరు. మీ పొలంలో బోరు మోటరు.

ఇక్కడ రైతులెందరు? చేతులెత్తండి... సగం మంది పైనే ఉన్నారు. అయితే నేను చెప్పేది మీకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు వ్యవసాయానికి త్రీఫేజు ఎప్పుడిచ్చేవాళ్లు? రాత్రి పదకొండుకు, రెండింటికి. ఎందుకు? అప్పుడు పట్నాలు పడుకుంటాయి, బొగ్గు కరెంటు మిగులుతుంది, దాన్ని మోటర్ల మీదికి తోసేవాళ్లం. మా వైపు నుంచి చూస్తే అది చక్కని లెక్క. రైతువైపు నుంచి చూస్తే? టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట పోవాలి. పాము కరిచినవాళ్లున్నారు, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవాళ్లున్నారు. లేవలేక ఆటో స్టార్టరు పెట్టుకుని ఇంట్లో పడుకుంటే, కరెంటు రాగానే ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. అంత లోడు మీద పడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కాలితే ఇక ఎన్ని రోజులకు మారుస్తారో! మడి నిండి, గట్టు తెగి నీళ్లు వాగులో కలిసినా చూసే దిక్కు లేదు. ఉన్నవాళ్లు చెప్పండి, అబద్ధమా?

ఇప్పుడు ఆంధ్రలో పగలు తొమ్మిది గంటలు అన్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నారు. రెండు రాష్ట్రాల్లో కలిపి వ్యవసాయ కనెక్షన్లు నలభై లక్షల పైనే. లెక్క కడదాం. ఒక్కోటి ఐదు హెచ్‌పీ అనుకోండి, గంటకు సుమారు నాలుగు యూనిట్లు లాగుతుంది. అన్నీ ఒకేసారి నడవవు. సగమే నడిచాయనుకుందాం. ఎనిమిది వేల మెగావాట్లు. ఎనిమిది గని పార్కులు! ఆ సగం మోటర్లు రాత్రి ఒక గంట నడిస్తే ఎనభై లక్షల యూనిట్లు. బొగ్గుతో తీస్తే యూనిట్‌కు ఆరున్నర వందల గ్రాములు వేసుకున్నా ఐదు వేల టన్నులు దాటుతుంది. గూడ్సు బండి ఒకటి నాలుగు వేల టన్నులు మోస్తుంది. గంటకు ఒక బండి పైనే! అవే మోటర్లు పగలు పదకొండు నుంచి మూడింటి మధ్య నడిస్తే ఆ బొగ్గులో చాలా మటుకు నేలలోనే ఉంటుంది.

మరి మోటరుకున్న సౌలభ్యం ఏమిటి? ఏసీ పగలు వేసి రాత్రికి చల్లదనం దాచుకోలేం. టీవీ పగలు చూసి సరిపెట్టుకోమంటే ఎవరు ఊరుకుంటారు? కానీ మడికి నీళ్లు మధ్యాహ్నం పారించినా పైరు ఊరుకుంటుంది. దాచాల్సింది కరెంటు కాదు, నీళ్లు. నీళ్లు మట్టిలో దాగుతాయి. ఇంతకన్నా చవకైన నిల్వ ఎక్కడుంది? రైతుకు నిద్ర దక్కుతుంది, గ్రిడ్డుకు ఎండ ఖర్చవుతుంది. ఇద్దరికీ లాభం ఉన్న పని ఇది. దేశం అంతర్జాతీయ సభల్లో చెప్పే అంకెలు నెరవేరేది గ్లాస్గోలో కాదు, సబ్‌స్టేషన్ నుంచి మీ ఊరికొచ్చే పదకొండు కేవీ లైను, అదే ఫీడరు, దాని మీద. నేను ఈ సభకు ఒప్పుకున్నది ఈ ఒక్క మాట చెప్పడానికే.

కాకపోతే పగటి కరెంటు కాగితం మీద ఉంటే చాలదు. వోల్టేజి ఉండాలి. తొమ్మిది గంటలన్నది మధ్యమధ్యలో తెగి ఏడవుతుంటే రైతు ఆటో స్టార్టరు తీయడు, తీయమని అడిగే హక్కు మనకు లేదు. దీనికి ఉన్న మంచి మార్గం, వ్యవసాయ ఫీడరును ఇళ్ల లైను నుంచి విడదీసి, ఆ సబ్‌స్టేషన్ దగ్గరే నాలుగైదు మెగావాట్ల సోలారు పెట్టడం. రైతుల సోలారు కోసం కేంద్రం 2019లో తెచ్చిన కుసుమ్ పథకంలో ఫీడరుకు సోలారు పెట్టే ఏర్పాటు చేశారు. దూరం నుంచి లైన్ల మీద తేనక్కర్లేదు, లైనులో పోయే నష్టం తగ్గుతుంది, ఊరి దగ్గరే పుడుతుంది, ఊళ్లోనే ఖర్చవుతుంది. ఈసారి మీ కరెంటు ఆఫీసు ఏఈ గారు కనబడితే మన ఫీడరు విడదీశారా, దానికి సోలారు మంజూరైందా అని అడగండి. గ్రామసభలో అడగండి. రాతపూర్వకంగా అడగండి.

అలాగే భూమి మాట. సోలారుకు భూమి కావాలి, మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు. పోరంబోకు అని ప్రభుత్వం రాసుకున్న చోట గొర్రెలు మేస్తుంటాయి. ఆ గొర్రెలవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు, నష్టపరిహారం జాబితాలోనూ ఉండదు. కంచె వేసిన రోజు అతనికి తెలుస్తుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. మన సరిహద్దు దాటితే, మడకశిర పక్కన కర్ణాటకలో పావగడ ఉంది. అక్కడా తెలుగు వినబడుతుంది, మనకు చుట్టాలున్న ఊళ్లే. రెండు వేల మెగావాట్ల పార్కు, పదమూడు వేల ఎకరాలు. అక్కడ భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి ఐదు శాతం పెంచే ఒప్పందం. పట్టా రైతు పేరు మీదే ఉంది. కరువు సీమలో అది నికరమైన రాబడి. అక్కడ కూడా భూమి లేని కూలీకి ఏం మిగిలిందన్న ప్రశ్న ఉంది. పొలం పని పోయింది, పార్కులో గడ్డి కోయడం, పలకలు కడగడం కొద్దిమందికే దొరుకుతుంది. ఇకమీదట రాయలసీమలో ఎక్కడ పార్కు వచ్చినా కౌలు పద్ధతి అడగండి, కూలీల వాటా కూడా ఒప్పందంలో రాయించండి.

బొగ్గు మనుషుల సంగతి కూడా ఉంది. సింగరేణిలో ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు నలభై వేల చిల్లర. సింగరేణే తన స్థలాల్లో రెండు వందల మెగావాట్ల పైచిలుకు సోలారు పెట్టుకుంది, మంచిదే. కానీ బొగ్గు గనిలో వంద మంది చేసే చోట పలకల దగ్గర ఇద్దరు ముగ్గురు చాలు. గోదావరిఖని, మందమర్రి బజార్లు జీతాల రోజున కళకళలాడేవి ఆ నలభై వేల మంది వల్లే. ఆ కార్మికుల పిల్లలకు ఏ పని చూపిస్తామో బొగ్గు తగ్గకముందే చెప్పాలి.

ఇళ్ల మీద సోలారు గురించి త్వరగా చెప్పేస్తాను, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78 వేలు సబ్సిడీ. కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. నెలకు 60 యూనిట్లు కాల్చే ఇంటికి పెద్దగా గిట్టదు, 250 దాటేవాళ్లకు బాగా గిడుతుంది. పెట్టుకున్నాక వాషింగ్ మెషీను, మిక్సీ, నీళ్ల మోటరు పగలే వేసుకోండి.

అక్కడ వెనక చెయ్యెత్తారు... చెప్పండమ్మా. ఆ... అందరికీ వినబడేలా చెబుతాను. పిన్నాపురానికి నీళ్లిస్తే మా గోరకల్లు ఆయకట్టుకు కోత పడుతుందా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఆ రెండు చెరువులు నదిలో కట్టినవి కావు. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నింపుకోవడం, ఆ తర్వాత ఆ నీళ్లే పైకీ కిందికీ తిరగడం. తిప్పడం వల్ల నీళ్లు తరగవు. తరిగేదల్లా ఎండకు ఆవిరయ్యేది, నేలలోకి ఇంకిపోయేది. ఆ మేరకు ప్రతి ఏడాదీ మళ్లీ పోయాలి. వానలు బాగా కురిసిన ఏడాది అది ఎవరికీ తెలియదు. గోరకల్లుకు నీళ్లిచ్చే శ్రీశైలం నిండని ఏడాది మాత్రం ఆ కాస్తకూ మీకు వాళ్లకూ పోటీ వస్తుంది. అందుకని ఏ నెలలో పోస్తారు, ఎంత పోస్తారు, కరువు ఏడాదిలో ఎవరికి ముందు ఇస్తారు, ఈ మూడూ జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో అడిగి మినిట్స్‌లో రాయించాలి. వరద రోజుల్లోనే పోసుకోవాలని షరతు పెట్టించగలిగితే మీ ఆయకట్టుకు ఇబ్బంది ఉండదు. ఇంకెవరైనా అడిగేవాళ్లున్నారా?